ఆ రైలు ఆ జలపాతం పక్కనుంచి పోదు

కొన్నేళ్ల కిందట ముంబై నుంచి చెన్నై వెళ్లే రైల్లో నా ఎదురు సీట్లో ఓ కుటుంబం ఉంది. గుంతకల్లులో దిగాల్సినవాళ్లు. ఎనిమిదేళ్ల కుర్రాడికి కిటికీ పక్క సీటు ఇచ్చేశారు, ఇవ్వకపోతే ఊరుకునేలా లేడు. వాడి ధ్యాసంతా దారిలో వచ్చే జలపాతం మీదే. 2013లో వచ్చిన 'చెన్నై ఎక్స్‌ప్రెస్' వాడికి కంఠతా వచ్చు. అందులో రైలు పక్కనే కొండ మీంచి పాలు ఒలికినట్టు నీళ్లు దూకుతుంటాయి కదా, మనమూ ముంబైలోనే ఎక్కాం, మనమూ చెన్నై రైల్లోనే ఉన్నాం, కాబట్టి అది వచ్చి తీరాలి. వాడి లెక్కలో తప్పేం లేదు.

తెల్లారాక కృష్ణ స్టేషన్ దాటి రైలు నది మీదికి ఎక్కింది. చక్రాల చప్పుడు మారిపోయింది. పొడుగాటి వంతెన, కింద బండరాళ్ల మధ్య పాయలు పాయలుగా కృష్ణా నది, ఎండలో మెరుస్తూ. "నాన్నా, ఇదేనా?" అన్నాడు వాడు కిటికీ ఊచలకి మొహం ఆనించి. "ఇది కాదురా." "మరెప్పుడొస్తుంది?" ఆయన ఓ క్షణం ఆగి, "రాత్రే దాటేశాం నాన్నా, నువ్వు నిద్రపోయావ్" అన్నాడు. వాడు అటు తిరిగి వాళ్లమ్మని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. లేపొచ్చు కదా అని. ఆ గొడవలో వంతెన అయిపోయింది, నదిని ఎవరూ చూడలేదు.

నాకు విషయం తెలుసు, కానీ అప్పటికి నోరు మెదపలేదు. ఆ జలపాతం పేరు దూధ్‌సాగర్. గోవా, కర్ణాటక సరిహద్దులో, క్యాసిల్ రాక్ నుంచి కులేం దిగే ఘాట్ లైన్ మీద ఉంటుంది. ముంబై చెన్నై రైలు పుణె, సోలాపూర్, వాడి, రాయచూరు, గుంతకల్లు, రేణిగుంట మీదుగా పోతుంది. రెండింటికీ మధ్య అతి దగ్గర చోట కొలిచినా సుమారు 300 కిలోమీటర్లు. అంటే దారి కాస్త పక్కకి జరగడం లాంటిది కాదిది, దక్కన్ పీఠభూమిని పక్కకి నెట్టేసి పడమటి కనుమల్ని అతికించడం.

నాకో జబ్బుంది. సినిమా చూస్తూ ఫోన్లో మ్యాప్ తెరుస్తాను. పక్కన కూర్చున్నవాళ్లు నన్ను భరించడమే గొప్ప. ఒకప్పుడు ఇదో ఆటగా ఉండేది, తప్పు దొరికితే లాటరీ తగిలినట్టు సంతోషం. ఇప్పుడు ఆ ఆట మీద మోజు పోయింది. తప్పులన్నీ ఒక రకం కాదని అర్థమయ్యాక, కొన్నింటిని చూసి నవ్వుకుంటాను, కొన్నింటికి మాత్రం నిజంగానే ఒళ్లు మండుతుంది. ఆ తేడా ఎక్కడుందో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు క్షమించేవి. ఒక చోటు ఇంకో చోటులా వేషం వేయడం నాకు అస్సలు అభ్యంతరం కాదు. 'ఆర్ఆర్ఆర్'లో నాటు నాటు పాట కథ ప్రకారం 1920ల ఢిల్లీలో జరుగుతుంది, తీసింది మాత్రం 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు. అయితే ఏంటి? తెల్లదొరల విందు జరిగే భవంతి కావాలి, అది భవంతిలా ఉంది, అయిపోయింది. 1978 నాటి 'హాలోవీన్' ఇల్లినాయ్‌లో శరదృతువు అంటుంది, షూటింగ్ కాలిఫోర్నియాలో కాబట్టి రాలిన ఆకుల్ని రంగులేసి, ఒక సీన్ అయ్యాక ఏరుకుని ఇంకో సీన్లో మళ్లీ చల్లారు. అయినా వెనకాల తాటిజాతి చెట్లు తొంగిచూస్తూనే ఉంటాయి. జాకీ చాన్ న్యూయార్క్ బ్రాంక్స్‌లో కొట్టుకుంటుంటే వెనక కొండలు కనిపిస్తాయి, ఎందుకంటే అది కెనడాలోని వాంకూవర్. న్యూయార్క్‌లో కొండలు మొలిచాయే అని ఓసారి నవ్వుకుని ఫైటింగ్ చూసుకోవచ్చు.

అసలు ఇది సినిమా పుట్టుకలోనే ఉంది. 1920 ప్రాంతంలో లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. మాస్కోలో వేర్వేరు చోట్ల నడుస్తున్న ఒక మగ, ఒక ఆడ, వాళ్లు కలుసుకోవడం, మధ్యలో వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్ బొమ్మ, తర్వాత ఇద్దరూ మాస్కోలోని ఓ పెద్ద చర్చి మెట్లెక్కడం. చూసినవాళ్లకి ఇద్దరూ కలిసి వైట్‌హౌస్ మెట్లెక్కినట్టే అనిపించింది. అలాంటి ఊరు భూమ్మీద ఎక్కడా లేదు, కత్తిరింపులో మాత్రమే ఉంది. 1927లో పారమౌంట్ స్టూడియోవాళ్లు ఏకంగా కాలిఫోర్నియా మ్యాప్ ఒకటి వేయించుకుని, ఇక్కడ సహారా తీయొచ్చు, ఇక్కడ సైబీరియా తీయొచ్చు, ఇది ఎర్రసముద్రం అని గుర్తులు పెట్టుకున్నారు. నాకు ఆ మ్యాప్ అంటే ఇష్టం. దొంగతనాన్ని ఇంత పద్ధతిగా చేసుకున్నవాళ్లని ఏమంటాం?

తర్వాత రకం, దిక్కులు తిప్పేయడం. 1967లో వచ్చిన 'ది గ్రాడ్యుయేట్'లో డస్టిన్ హాఫ్‌మన్ ఎర్ర కారు వేసుకుని బర్క్‌లీ వైపు దూసుకుపోతుంటాడు, శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి మీద. ఆ వంతెనకి అప్పట్లో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండు అంతస్తులు. పైదాని మీద బళ్లన్నీ శాన్‌ఫ్రాన్సిస్కోలోకి వస్తాయి, బర్క్‌లీ వైపు పోవాలంటే కింది అంతస్తులో పోవాలి. అతను పైన ఉన్నాడు. అంటే ప్రేయసి కోసం పరిగెడుతూ ఆమెకి దూరంగా పోతున్నాడు. ఎందుకలా తీశారో ఊహించడం కష్టమేం కాదు, కింది అంతస్తుకి పైది కప్పు, ఆకాశం కనపడదు, పైనుంచి కారుని చూపించడానికి వీల్లేదు. సరే, ఒప్పుకున్నాను. 'థార్: ది డార్క్ వరల్డ్'లో థార్ లండన్ చేరింగ్ క్రాస్‌లో మెట్రో ఎక్కితే, మూడు స్టేషన్లలో గ్రీనిచ్ వచ్చేస్తుందని ఒకమ్మాయి చెబుతుంది. రాదు. గ్రీనిచ్‌కి అసలు ఆ రైలే వెళ్లదు. సుత్తి పట్టుకుని గాల్లో ఎగరగలిగేవాడు మెట్రో ఎక్కడమే జోకు కాబట్టి దాన్నీ వదిలేద్దాం.

ఇక 1969 సినిమా ఒకటుంది, పేరే 'క్రాకటోవా, ఈస్ట్ ఆఫ్ జావా'. 1883లో బద్దలైన ఆ అగ్నిపర్వతం జావాకి పడమట, జావా సుమత్రాల మధ్య జలసంధిలో ఉంది. భూమి గుండ్రం కాబట్టి తూర్పుకే పోతూ పోతూ ఉంటే ఎప్పటికో ఒకప్పుడు వస్తుందనుకోండి. పోస్టర్ మీద, టైటిల్లో, ఇంతింత అక్షరాలతో తప్పు, ఎవరూ పట్టించుకోలేదు. ఇది కూడా నాకు కోపం తెప్పించదు, చిత్రంగా. బద్ధకం అంతే.

కోపం వచ్చేది ఎక్కడంటే, దూరం మాయమైనప్పుడు.

కెవిన్ కాస్ట్‌నర్ రాబిన్ హుడ్‌గా వేసిన 1991 సినిమా తీసుకోండి. క్రూసేడ్ అనే మతయుద్ధానికి వెళ్లి చెర తప్పించుకున్న హీరో డోవర్ తెల్లకొండల దగ్గర పడవ దిగి ఇసుకని ముద్దు పెట్టుకుంటాడు. నిజానికి ఆ కొండలు ససెక్స్‌లోని సెవెన్ సిస్టర్స్, అది వేషం, పోనివ్వండి. చీకటి పడేలోపు ఇంటికి చేరి నాన్నతో పండగ చేసుకుంటాం అన్న ధీమాతో నడక మొదలుపెడతాడు. ఇల్లు నాటింగ్‌హామ్ దగ్గర, గీత గీసినట్టు కొలిచినా దాదాపు 260 కిలోమీటర్లు. రోజుకి ముప్పై నడిచినా తొమ్మిది రోజులు. అదీ గాక దారిలో ఒక పెద్ద ఒంటరి చెట్టు కింద కొట్లాట జరుగుతుంది, అది రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ పక్కన సికమోర్ గ్యాప్‌లోని చెట్టు. 2023లో ఎవరో రాత్రికి రాత్రి నరికేశారని వార్తల్లోకెక్కింది, అదే చెట్టు. అది ఇంగ్లండ్‌కి ఉత్తరపు అంచులో, నాటింగ్‌హామ్ దాటి ఇంకా 240 కిలోమీటర్లు పైన ఉంది. అంటే మన హీరో ఇంటిని దాటుకుని దేశం చివరిదాకా పోయి, ఒక కుర్రాణ్ణి కాపాడి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఓ మధ్యాహ్నంలో.

అందరూ దీన్ని జోకుగా చెప్పుకుంటారు, నేనూ చాలాసార్లు చెప్పాను. కానీ ఒకసారి ఆలోచించండి, రాబిన్ హుడ్ కథకి ఆధారమే దూరం కదా? రాజు సముద్రాల అవతల ఉన్నాడు, కబురు అందాలంటే నెలలు. అందుకే నాటింగ్‌హామ్ షెరీఫ్, అంటే రాజు తరఫు అధికారి, తన ఇలాకాలో తనే రాజు. అడవి దట్టంగా ఉంది, సైనికులు అందులోకి రారు, అందుకే అది దొంగలకి ఇల్లయింది. దేశమంతా ఓ పూటలో నడిచేయగలిగితే షెరీఫ్‌కి అంత పొగరు ఎక్కడిది? సాయంత్రానికల్లా ఎవడో ఒకడు వెళ్లి పైవాళ్లకి చెప్పి రాడూ? దూరాన్ని తీసేస్తే విలన్ దౌర్జన్యానికి కారణం లేకుండా పోయింది, అందుకే ఆ సినిమాలో వాడు ఊరికే అరుస్తూ కళ్లు తిప్పుతూ మిగిలిపోయాడు. నటుడు అద్భుతంగా చేశాడు, అది వేరే విషయం.

దీనికన్నా పెద్ద ఉదాహరణ 'బ్రేవ్‌హార్ట్', 1995. స్కాట్లండ్‌వాళ్లు ఇంగ్లండ్ సైన్యాన్ని ఓడించిన స్టిర్లింగ్ వంతెన యుద్ధం అందులో ఉంది, వంతెన లేదు. ఐర్లండ్‌లోని ఒక మైదానంలో తీశారు, పచ్చిక మీద ఎదురెదురుగా రెండు సైన్యాలు, మొహాన నీలం రంగు, గుర్రాల మీదికి పొడుగు ఈటెలు. చూడ్డానికి రోమాలు నిక్కబొడుచుకుంటాయి, ఒప్పుకుంటాను. కానీ 1297 సెప్టెంబరు 11న జరిగింది ఏంటి? ఫోర్త్ నది మీద ఇరుకు చెక్క వంతెన, ఇద్దరు రౌతులు పక్కపక్కన పట్టేంత. అవతలి ఒడ్డున నది ఒంపులో బురదనేల. ఇంగ్లిష్ సైన్యం ఇద్దరిద్దరుగా దాటుతోంది, స్కాట్లండ్ నాయకులు వాలెస్, ఆండ్రూ మరే తమ మనుషుల్ని పట్టుకుని ఎత్తు మీద ఆగి ఉన్నారు. సరిపడినంతమంది దాటేదాకా ఓపిక పట్టి, అప్పుడు దిగి వంతెన మొనని ఆక్రమించారు. దాటినవాళ్లు వెనక్కి పోలేరు, దాటనివాళ్లు ముందుకు రాలేరు. తన కళ్ల ముందే దాటిన సైన్యం చచ్చిపోతుంటే ఇవతలి ఒడ్డున సేనాధిపతి చూస్తూ నిలబడ్డాడు. తక్కువ బలగం ఉన్నవాళ్లు ఎందుకు గెలిచారు అన్న ప్రశ్నకి జవాబు ఆ వంతెనే. దాన్ని తీసేసి, ధైర్యం వల్ల గెలిచారు, ఉపన్యాసం వల్ల గెలిచారు అంటే అది ఆ మనుషులకి మర్యాద చేసినట్టా? నేలని చదవగలిగిన తెలివిగలవాళ్లని ఊరికే ఆవేశపరుల్ని చేసినట్టు.

"సినిమాని సినిమాలా చూడవచ్చు కదా" అని నా స్నేహితుడొకడు ఎప్పుడూ అంటాడు. వాడి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. భూగోళం పాఠం కావాలంటే అట్లాస్ కొనుక్కో, సినిమాకి ఎందుకొచ్చావ్ అంటాడు. నా జవాబు మరో సినిమాయే. 1962లో డేవిడ్ లీన్ తీసిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా'. అందులో జోర్డాన్‌లోని అకాబా రేవు అకాబా కాదు, స్పెయిన్‌లో కార్బొనేరాస్ దగ్గర సముద్రపు ఒడ్డున వేసిన సెట్టు. పచ్చి అబద్ధం. అయినా ఆ సినిమాలో భూగోళం నిజం. ఎలాగంటే, రేవులో ఫిరంగులన్నీ సముద్రం వైపు చూస్తుంటాయి, వెనక ఎడారి ఉంది కాబట్టి అటునుంచి ఎవరూ రారని నమ్మకం. అటునుంచి రావడమే కథ. ఎడారి ఎంత పెద్దదో ప్రేక్షకుడికి ఒంట్లోకి ఎక్కకపోతే ఆ దాడికి విలువే లేదని ఆ దర్శకుడికి తెలుసు.

అందుకే ఆ బావి సీను. జోర్డాన్ ఎడారిలో తీసింది. ఒక బావి, దాని దగ్గర ఇద్దరు మనుషులు. దూరంగా, ఎక్కడో నేలా ఆకాశం కలిసిపోయి నీళ్లలా వణుకుతున్న చోట, ఒక చుక్క. అది కదులుతోందా లేదా తెలీదు. చుక్క నిలువు గీత అవుతుంది, ఎండమావిలో తెగి మళ్లీ అతుక్కుంటుంది, కాసేపటికి ఒంటె మీద మనిషి అవుతుంది. పాట లేదు, మాటలు దాదాపు లేవు. దూరం నుంచి వచ్చేవాడు స్నేహితుడో శత్రువో తెలియడానికి అంతసేపు పడుతుందన్నది ఎడారి మనిషికి రోజువారీ సంగతి, ఊళ్లో కూర్చున్న మనకి ఆ టెన్షన్ అప్పుడే పరిచయం. సెట్టు స్పెయిన్‌లో ఉంటే ఏం, ఆరేళ్ల పిల్లాడికైనా ఆ సీను చూస్తే ఎడారి అంటే ఏంటో తెలిసిపోతుంది.

అలాగే 'బుల్లిట్', 1968. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ కార్ల వేట మ్యాప్‌లో గీస్తే పిచ్చివాడి గీతలా వస్తుంది, ఒక మలుపు తిరిగితే ఊరికి ఇంకో మూలలో తేలతారు. ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్‌ని మళ్లీ మళ్లీ దాటుతుంటారు, విలన్ల కారుకి ఉన్న చక్రాల కన్నా ఊడిపడిన చక్రాల మూతలే ఎక్కువ. అయినా నాకు ఆ సీన్ అంటే ప్రాణం. ఆ ఊరు కొండల మీద కట్టింది, కానీ వీధుల్ని గీసినవాళ్లు కొండల్ని లెక్క చేయకుండా కాగితం మీద చదరంగం గళ్లలా గీసేశారు, అందుకే ఒక్కో వీధి నిట్టనిలువుగా పడుతుంది, మధ్యమధ్య అడ్డరోడ్డు దగ్గర ఒక్కసారి చదునవుతుంది, మళ్లీ పడుతుంది. కార్లు ఎగిరి కింద పడుతున్న ప్రతిసారీ మన కడుపులో ఆ ఊరి నేల తెలుస్తుంది. దారి తప్పు, వాలు నిజం. నాకది చాలు.

ఇంకో రకం ఉంది, ఇది మ్యాప్‌లో దొరకదు. రంగు. 2000లో వచ్చిన 'ట్రాఫిక్'లో ఒహాయో నీలంగా, మెక్సికో మండిపోతున్న పసుపులో ఉంటుంది. ఏ కథ ఎక్కడ జరుగుతోందో కలగాపులగం కాకుండా దర్శకుడు వాడిన కిటుకు అది, అంతవరకు బాగానే ఉంది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పట్టుకుని, పేద దేశం అనగానే పసుపు పూసేయడం మొదలుపెట్టారు. 2020లో వచ్చిన 'ఎక్స్‌ట్రాక్షన్' ఢాకాలో జరుగుతుంది, తీసింది ఎక్కువగా అహ్మదాబాద్‌లో, థాయ్‌లాండ్‌లో. తెర మీద ఢాకా ఎడారి ఊరిలా కాలిపోతుంటుంది. ఏడాదికి సుమారు 2000 మిల్లీమీటర్ల వాన పడే ఊరు, చుట్టూ నదులు, గోడ పగుళ్లలోంచి కూడా పచ్చగా మొక్క మొలిచే డెల్టా నేల అది. ఆ పచ్చదనాన్ని దుమ్ము రంగుతో కప్పేస్తే ప్రేక్షకుడికి చేరే కబురు ఒక్కటే, ఇక్కడ మనిషి ప్రాణం చవక అని. కొండని తెచ్చి న్యూయార్క్‌లో పెడితే న్యూయార్క్‌కి పోయేదేం లేదు, అది ఎలా ఉంటుందో లోకానికంతా తెలుసు. ఢాకాకి ఆ వెసులుబాటు లేదు. చూసేవాళ్లలో చాలామందికి ఢాకా గురించి జీవితంలో దొరికే బొమ్మ అదొక్కటే.

ఇక ఊళ్లే సినిమాని చూసి తమను దిద్దుకోవడం కూడా జరుగుతోంది. జేమ్స్ బాండ్ 'స్పెక్టర్', 2015, మెక్సికో నగరంలో చచ్చిపోయినవాళ్ల పండగ రోజు బ్రహ్మాండమైన ఊరేగింపుతో మొదలవుతుంది, అస్థిపంజరాల బొమ్మలు, వేలమంది జనం. అప్పటికి అక్కడ అలాంటి ఊరేగింపు లేదు. జనం తమవాళ్ల సమాధుల దగ్గర, ఇంట్లో పెట్టుకునే పటాల దగ్గర చేసుకునే పండగ అది. సినిమా చూసి వచ్చే టూరిస్టులు అడుగుతారని 2016 నుంచి నగరంవాళ్లే ఊరేగింపు మొదలుపెట్టారు. ఇప్పుడది నిజం. మొరాకోలోని కాసాబ్లాంకా ఊళ్లోనూ అంతే, 1942 నాటి 'కాసాబ్లాంకా' సినిమాలోని కేఫ్ హాలీవుడ్ స్టూడియోలో వేసిన సెట్టు, మొరాకోలో ఎక్కడా ఉండేది కాదు, 2004లో ఒకావిడ ఆ ఊళ్లో ఆ కేఫ్ పేరుతోనే నిజంగా ఒకటి తెరిచింది. దీన్ని మంచి అనాలో చెడు అనాలో నాకింకా తేలలేదు. ఊరేగింపులో పిల్లలు సంతోషంగానే ఉన్నారు మరి.

మళ్లీ ఆ రైలు దగ్గరికొస్తాను. వాళ్ల నాన్న చెప్పిన అబద్ధంలో సగం నిజం ఉందని ఆయనకి తెలీదు. ముందురోజు రాత్రి, వాడు నిద్రపోయాక, రైలు నిజంగానే ఒక అద్భుతం దాటింది. కర్జత్‌లో ఆగినప్పుడు వెనకాల అదనపు ఇంజన్లు తగిలించారు, లోనావలా దాకా అవి తోస్తూ ఉంటేనే రైలు భోర్ ఘాట్ ఎక్కగలుగుతుంది. ముప్పై ఏడు అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి, సొరంగం వెనక సొరంగం, 1863లో తెరిచిన దారి. కొంకణం నుంచి దక్కన్ మీదికి ఎక్కే మెట్టు అదే. నేను మేలుకునే ఉన్నాను, వెనకనుంచి తోస్తున్న ఆ కుదుపు బెర్తులో వీపుకి తెలుస్తూనే ఉంది.

గుంతకల్లు వస్తోందని వాళ్లు సామాన్లు సర్దుకుంటుంటే ఇక ఉండబట్టలేక ఆయనతో అన్నాను, తిరుగు ప్రయాణంలో లోనావలా దాటాక బాబుని లేపండి, తెల్లారుతూ ఉంటుంది, కొండ దిగేటప్పుడు సొరంగాలు బాగా కనిపిస్తాయి అని. ఆయన తలూపి, "అక్కడుందాండీ జలపాతం?" అన్నాడు మెల్లగా, వాడికి వినపడకుండా. వానాకాలంలో ఉంటాయి, ఇప్పుడు సొరంగాలే అన్నాను. వాడు వినేశాడు. బ్యాగు భుజాన తగిలించుకుంటూ నన్నోసారి ఎగాదిగా చూసి, "సినిమాలో అవి లేవుగా" అన్నాడు.